ఇంప్రొవైజేషన్ థెరపీయా, లక్ష్యం పెట్టుకుని చేసే థెరపీయా, సంగీతం మాస్టారా: ప్రత్యేక అవసరాలున్న మీ బిడ్డకు ఏది నప్పుతుంది?

ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఎప్పుడో ఒకప్పుడు ఈ సలహా ఎదురవుతుంది: "పాటలంటే అంత ఇష్టం కదా, మ్యూజిక్ థెరపీ ఇప్పించకూడదూ?" సరేనని వెతికితే ఒకే పేరు కింద వేరువేరు పనులు చేసేవాళ్లు కనిపిస్తారు. ఒకచోట పిల్లాడు ఏది వాయిస్తే దానికి థెరపిస్ట్ అప్పటికప్పుడు బదులు వాయిస్తారు, దీన్నే ఇంప్రొవైజేషన్ అంటారు. ఇంకోచోట ముందే రాసుకున్న లక్ష్యం ఉంటుంది, దానికోసం అల్లిన పాట ఉంటుంది. మరోచోట కర్ణాటక సంగీతం మాస్టారు సరళీ వరుసలు చెప్తుంటారు, బోర్డు మీద మాత్రం థెరపీ అని ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టి రికార్డు చేసిన సంగీతం వినిపించే సెంటర్లూ ఉన్నాయి. వీటిలో దేనికి డబ్బు కట్టాలి, దేనికి సాయంత్రాలు కేటాయించాలి అన్నది తేలక చాలామంది టెన్షన్ పడతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎదుటి మనిషితో ఇచ్చిపుచ్చుకోవడమే మీ బిడ్డకు కష్టమైతే ఇంప్రొవైజేషన్ వైపు చూడండి. నడక సరిపడటం, ఒక మాట పలకడం లాంటి ఫలానా పని రావాలనుకుంటే లక్ష్యం పెట్టుకుని నడిపే పద్ధతి మేలు. బిడ్డే సంగీతం వెంట పడుతుంటే మంచి మాస్టారు దొరకడం అదృష్టం. హెడ్‌ఫోన్ ప్రోగ్రాములకు డబ్బు పెట్టొద్దు. ఏది ఎంచుకున్నా స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులకు సాధన చేయించేది) మానిపించి దీన్ని పెట్టకండి.

## ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, ఏ కష్టం కోసం వెళ్తున్నారు? "బాగుపడాలి" అంటే ఏ థెరపిస్టూ ఏమీ చేయలేరు. "పిలిస్తే చూడడు", "వంతు కోసం ఆగలేడు", "నడిచేటప్పుడు ఎడమ కాలు ఈడుస్తుంది" ఇలా ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యమే సగం ఎంపిక చేసి పెడుతుంది.

రెండోది, మీ బిడ్డకు శబ్దంతో ఉన్న సంబంధం. మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడా? స్టీలు గిన్నె తిప్పి ఆ మోత వింటూ కూర్చుంటుందా? పాట ఆగిపోతే మళ్లీ పెట్టమని చెయ్యి లాగుతాడా? దీన్ని వారం రోజులు గమనించండి. వినికిడి పరీక్ష ఇంతవరకు చేయించకపోతే అది ముందు. మాటలు ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ఆ పరీక్ష తప్పనిసరి. మూర్ఛలు ఉంటే న్యూరాలజిస్టుకు ఒక మాట చెప్పే మొదలుపెట్టండి.

మూడోది, ఎదురుగా కూర్చునే మనిషి శిక్షణ. మన దేశంలో ఇది చాలా పెద్ద విషయం. స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. 1992 చట్టం కింద ఆ కౌన్సిల్ నమోదు చేసే వృత్తుల జాబితాలో మ్యూజిక్ థెరపిస్ట్ లేరు. కాబట్టి ఎవరైనా ఆ బోర్డు పెట్టుకోవచ్చు, పరీక్షించే పని మీమీదే పడుతుంది. బ్రిటన్‌లో అలా కాదు. అక్కడ హెచ్‌సీపీసీ అనే ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థలో నమోదు లేకుండా మ్యూజిక్ థెరపిస్ట్ అని చెప్పుకోవడం నేరం. అమెరికాలో ఎంటీ-బీసీ అనే సర్టిఫికేషన్ ఉంది. అక్కడ స్థిరపడిన మనవాళ్లు ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. చదువుకు అవసరమని అసెస్‌మెంటులో తేలితే, బడి ఆ బిడ్డ కోసం విడిగా రాసే చదువు ప్రణాళిక ఐఈపీలో మ్యూజిక్ థెరపీని చేర్చమని అడగవచ్చు.

ఇక డబ్బు, ప్రయాణం. వారానికి ఒకసారి వెళ్లగలరా, మూడుసార్లు వెళ్లగలరా అన్నది ఇంటి పరిస్థితిని బట్టే ఉంటుంది. నగరంలో అరగంట సెషన్ కోసం రెండు గంటలు ట్రాఫిక్‌లో గడిపి, చేరేసరికి బిడ్డ అలసిపోతే ఆ సెషన్ వల్ల ఒరిగేది తక్కువ. దూరం ఎక్కువైతే దగ్గర్లో దొరికే రెండో మెరుగైన మనిషే నయం.

| | ఇంప్రొవైజేషన్ థెరపీ | లక్ష్యం పెట్టుకుని చేసే థెరపీ | సంగీతం మాస్టారు | ఇంట్లో ఆట |
|---|---|---|---|---|
| ఎవరు ముందు? | బిడ్డ | థెరపిస్ట్ | పాఠం | బిడ్డ |
| దేనికి నప్పుతుంది? | కలిసి స్పందించడం, వంతులు, దృష్టి కలపడం | నడక, చేతి పని, మాట, దినచర్య | ఇష్టం, నైపుణ్యం, ఆత్మవిశ్వాసం | అమ్మానాన్నలతో దగ్గరితనం |
| ఫలితం కొలవడం | కష్టం, రికార్డింగులు కావాలి | సులువు | పాఠం ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది | మీ గమనింపే |
| ఇబ్బంది | శిక్షణ ఉన్నవాళ్లు అరుదు | బిడ్డ చెప్పింది చేయడానికే అలవాటు పడొచ్చు | ఓపిక లేని మాస్టారైతే నష్టం | రోజూ కుదరదు |
| ఖర్చు | ఎక్కువ | ఎక్కువ | మామూలు | దాదాపు లేదు |

## ఇంప్రొవైజేషన్: బిడ్డ ముందు, సంగీతం వెనక

ఈ పద్ధతికి ప్రసిద్ధమైన మొదలు 1959లో, ఇంగ్లండ్ వూస్టర్‌షైర్‌లోని సన్‌ఫీల్డ్ అనే పిల్లల సంస్థలో జరిగింది. పాల్ నార్డాఫ్ అమెరికన్ స్వరకర్త, పియానో వాయిస్తారు. క్లైవ్ రాబిన్స్ అక్కడ పనిచేస్తున్న ప్రత్యేక ఉపాధ్యాయుడు. ఒకరు పియానో దగ్గర, ఇంకొకరు బిడ్డ పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి పనిచేశారు. వైకల్యం ఎంత తీవ్రమైనా ప్రతి బిడ్డలో సంగీతానికి పలికే భాగం ఒకటి ఉంటుందని వాళ్ల నమ్మకం. ప్రతి సెషన్‌నీ టేపు మీద రికార్డు చేసి, తర్వాత కూర్చుని విని, బిడ్డ ఎక్కడ స్పందించాడో రాసుకునేవారు. అదే కాలంలో చెల్లో వాద్యకారిణి జూలియెట్ ఆల్విన్ ఇంకా స్వేచ్ఛగా ఉండే పద్ధతి నడిపారు. ఏ వాద్యం ముట్టుకోవాలో, ఎలా వాయించాలో బిడ్డే తేల్చుకోవాలన్నది ఆమె దారి. 1968లో లండన్ గిల్డ్‌హాల్ స్కూల్లో ఆమె ఈ వృత్తికి శిక్షణ కోర్సు మొదలుపెట్టారు.

గదిలో జరిగేది ఇలా ఉంటుంది. పిల్లాడు బల్ల మీద అరచేత్తో మూడు దెబ్బలు కొట్టి ఆగాడు. థెరపిస్ట్ డ్రమ్ మీద మూడు దెబ్బలే, అంతే వేగంతో, అంతే గట్టిగా కొడతారు. పిల్లాడికి ఏదో తట్టి మళ్లీ కొడతాడు. మళ్లీ బదులు వస్తుంది. నాలుగైదుసార్లు అయ్యాక థెరపిస్ట్ రెండే కొట్టి ఆగిపోతారు. ఆ ఆగడంలోనే థెరపీ అంతా ఉంది. మూడో దెబ్బ పిల్లాడు కొట్టి తలెత్తి చూశాడంటే, ఎదుట ఒక మనిషి ఉన్నాడనీ, తను చేసిన దానికి బదులు వస్తుందనీ అతనికి తెలిసిందన్నమాట. ముందుకీ వెనక్కీ ఊగే బిడ్డ ఉంటే ఆ ఊగే వేగానికే తాళం వేస్తారు. గదంతా పరుగెత్తే బిడ్డకు శ్రుతిలా ఒకే స్వరం నిలిపి పట్టి, తిరిగొచ్చేందుకు ఒక చోటు ఉంచుతారు. ఏడుస్తుంటే ఆ ఏడుపు ఏ స్థాయిలో ఉందో అక్కడే గొంతు కలిపి, నెమ్మదిగా కిందికి దించుతారు. కెన్నెత్ బ్రూషియా అనే పరిశోధకుడు 1987లో ఇలాంటి మెలకువలను 64గా వర్గీకరించారు. చూసేవాళ్లకు ఇష్టమొచ్చినట్టు వాయిస్తున్నట్టే ఉంటుంది గానీ, ప్రతి కదలికకూ లెక్క ఉంది.

మనవాళ్లకు కచేరీలో అప్పటికప్పుడు కల్పించి పాడే ఆలాపన, నెరవల్, కల్పనస్వరం తెలుసు కాబట్టి "మనోధర్మం ఉన్న విద్వాంసుడైతే చాలు కదా" అనిపిస్తుంది. చాలదు. కచేరీలో మనోధర్మం రాగానికీ తాళానికీ కట్టుబడి ఉంటుంది. థెరపీలో కట్టుబడేది బిడ్డకు. పిల్లాడు తాళం తప్పితే థెరపిస్ట్ తన తాళాన్ని వదిలి అతని వెంట వెళ్లాలి. ఏళ్ల తరబడి సాధన చేసిన చెవికి ఇది చాలా కష్టం. కానీ ఆ సాధనకు పిల్లల ఎదుగుదల గురించిన శిక్షణ తోడైతే మన సంగీతంలో పనికొచ్చే సరంజామా బోలెడంత ఉంది. ఉదాహరణకు మోహనం తీసుకోండి. స, రి, గ, ప, ద అయిదు స్వరాలే, పక్కపక్కన గీసుకునే స్వరాలు లేవు. ఆ అయిదు పలకలే ఉంచిన జైలోఫోన్ బిడ్డ చేతికిస్తే ఎక్కడ కొట్టినా వినసొంపుగానే ఉంటుంది, తప్పు అన్న మాటే రాదు. పలకలు తీసి పెట్టుకోగల ఓర్ఫ్ జైలోఫోన్లతో జర్మనీలో గెర్ట్రూడ్ ఓర్ఫ్ అభివృద్ధి చేసిన థెరపీ కూడా ఇలాంటి సౌలభ్యాన్నే వాడుకుంది.

ఇప్పుడు రుజువుల సంగతి. ఇది దాచకుండా చెప్పాలి. 2008లో కిమ్, విగ్రమ్, గోల్డ్ ప్రచురించిన చిన్న అధ్యయనంలో, ఆటిజం ఉన్న బడికెళ్లని వయసు పిల్లలు బొమ్మలతో ఆడినప్పటి కంటే ఇంప్రొవైజేషన్ సెషన్లలో ఎక్కువసేపు కళ్లలోకి చూశారు, వంతులు ఎక్కువగా తీసుకున్నారు. ఆ పిల్లలు పది మందే. తర్వాత చాలా పెద్ద పరీక్ష జరిగింది. తొమ్మిది దేశాల్లో, నాలుగు నుంచి ఏడేళ్ల వయసున్న 364 మంది ఆటిజం పిల్లలతో చేసిన ఆ ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. అయిదు నెలల తర్వాత సామాజిక లక్షణాల స్కోరులో ఇంప్రొవైజేషన్ అందిన పిల్లలకూ, అందని పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. 26 అధ్యయనాలను కలిపి చూసిన 2022 కాక్రేన్ (వైద్య అధ్యయనాలను కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష కొంత ఊరటనిచ్చింది. మ్యూజిక్ థెరపీ వల్ల మొత్తం మీద మెరుగుదల, జీవన నాణ్యత, లక్షణాల తీవ్రత విషయంలో మేలు ఉండే అవకాశం ఉందని తేల్చింది. కానీ మాటలు, సామాజిక సంబంధాల్లో థెరపీ అవగానే స్పష్టమైన తేడా చూపలేకపోయింది.

ఇవి చదివాక నేను చెప్పేది ఇది: "మాటలు వచ్చేస్తాయి", "ఆటిజం తగ్గిపోతుంది" అన్న ఆశతో ఇంప్రొవైజేషన్‌కు వెళ్లకండి, అలా మాటిచ్చే సెంటర్‌కు అసలే వెళ్లకండి. మీ బిడ్డ ఇంకో మనిషితో కలిసి సంతోషంగా, తనంతట తానుగా ఒక పని చేసే అరగంట కోసం వెళ్లండి. రోజంతా "ఇటు చూడు, ఇది పెట్టు, అది చెప్పు" అని వినే పిల్లలకు తాము ముందుండే ఆ అరగంట ఎంత అవసరమో వాళ్లతో ఉండేవాళ్లకు తెలుసు.

అందరికీ ఇది సరిపడదు. తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోతే కలవరపడే పిల్లలు ఉంటారు. వాళ్లకు మొదట్లో స్వేచ్ఛే భయం. అనుభవం ఉన్న థెరపిస్ట్ ప్రతిసారీ ఒకే పలకరింపు పాటతో మొదలుపెట్టి, ఒకే వీడ్కోలు పాటతో ముగించి, మధ్యలో కొంచెం కొంచెంగా ఖాళీ వదులుతారు.

## లక్ష్యం పెట్టుకుని చేసే పద్ధతి

ఇక్కడ సంగీతం పనిముట్టు. అమెరికాలో మైకేల్ థాట్ బృందం 1990లలో రూపొందించిన న్యూరోలాజిక్ మ్యూజిక్ థెరపీ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాప నడక వేగాన్ని కొలిచి, ఆ వేగానికే తాళం కొట్టే మెట్రోనోమ్ పరికరమో, పాటో పెట్టి, అడుగు తాళానికి పడేలా సాధన చేయిస్తారు. తర్వాత తాళాన్ని కొద్దికొద్దిగా మారుస్తారు. మాట రాని పిల్లలకోసం ఇంకో పద్ధతి ఉంది. మాటను రెండు స్వరాల్లో సాగదీసి పలుకుతూ, శ్రుతి చేసిన డ్రమ్ములను ఆ స్వరాలకు తగ్గట్టు బిడ్డ చేత కొట్టిస్తారు. 2011లో ఆరుగురు పిల్లలతో దీన్ని ప్రయత్నించినప్పుడు పలకడంలో మెరుగుదల కనిపించింది. పోల్చి చూడటానికి వేరే గుంపు లేని చిన్న ప్రయోగం అది, అయినా ఆశ కలిగించేదే.

ఈ పద్ధతిలో తల్లిదండ్రులకు నచ్చేది లెక్క. పోయిన నెల ఎన్ని అడుగులు, ఈ నెల ఎన్ని అని కాగితం మీద కనిపిస్తుంది. ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది. "చెయ్యి కడుగు" పాట పాడితేనే చేతులు కడిగి, పాట లేకపోతే కుళాయి దగ్గర నిలబడిపోయే పిల్లలు ఉంటారు. కాబట్టి పాటను ఎప్పుడు, ఎలా తీసేస్తారో మొదటిరోజే అడగండి. రెండోది, చెప్పింది చేయడం తప్ప తనంతట తానుగా మొదలుపెట్టడం రాని బిడ్డకు ఇది ఆ లోటును తీర్చదు.

మంచి థెరపిస్టులు ఈ రెండు పద్ధతుల మధ్య గోడ కట్టరు. పది నిమిషాలు నడక సాధన చేయించి, మిగతా సమయం పిల్లాడికి వదిలేసేవాళ్లు దొరికితే ఇక వెతకనక్కరలేదు.

## సంగీతం మాస్టారు

ఇది థెరపీ కాదు, అలా పిలవనక్కరలేదు కూడా. ఒకసారి విన్న పాటను శ్రుతి తప్పకుండా పాడే పిల్లలు, స్వరం వినగానే పేరు చెప్పే పిల్లలు ఆటిజం ఉన్నవాళ్లలో మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తారు. అలాంటి బిడ్డకు థెరపీ గదిలో డ్రమ్ కొట్టిస్తూ కూర్చోవడం కంటే సంగీతమే నేర్పడం న్యాయం. డౌన్ సిండ్రోమ్ ఉన్న పన్నెండేళ్ల అమ్మాయి నలుగురి ముందు పాడి చప్పట్లు అందుకుంటే, ఆ అనుభవం ఏ స్కోరులోనూ కనిపించకపోయినా ఆమెకు చాలా పెద్దది.

మాస్టారిని ఎంచుకునేటప్పుడు విద్వత్తు కంటే ఓపిక చూడండి. క్లాసు పావుగంటతో మొదలవ్వాలి. నోటేషన్ రాయలేని బిడ్డకు రంగులతోనో, విని పాడించడంతోనో చెప్పగలగాలి. ఒక చెయ్యే పనిచేసే బిడ్డకు కీబోర్డు, కుదురుగా కూర్చోలేని బిడ్డకు మృదంగమో కంజిరో నప్పుతాయి. "తకధిమి తకజణు" అని జతులు నోటితో పలకడం మాట స్పష్టతకు మంచి సాధన అని నేను నమ్ముతాను. కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం) ఉన్న పిల్లలకు లయ బాగానే అందుతుంది, స్వరాల మధ్య సన్నని తేడాలు అంత బాగా అందవు. వాళ్లను గాత్రంతో కాకుండా తాళవాద్యంతో మొదలుపెట్టించండి.

హెడ్‌ఫోన్‌లో ప్రత్యేకంగా మార్చిన సంగీతం వినిపించే ప్రోగ్రాముల గురించి ఒక్క మాట. ఇవి ఆటిజానికి పనిచేస్తాయని చెప్పేందుకు తగిన ఆధారం లేదని 2011 కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఖరీదు మాత్రం గట్టిగానే ఉంటుంది. ఆ డబ్బు ఇంకో థెరపీకి దాచుకోండి.

## ఇంట్లో చేసుకోగలిగింది

ఊళ్లో థెరపిస్టే లేకపోతే ఏం చేయాలని అడిగేవాళ్లు చాలామంది. మన జిల్లాల్లో ఎక్కువమంది పరిస్థితి ఇదే. జిల్లా ఆసుపత్రికి అనుబంధంగా ఉండే, పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి సాయపడే కేంద్రం డీఈఐసీలో స్పీచ్, ఫిజియోథెరపీ లాంటివి దొరకొచ్చు గానీ మ్యూజిక్ థెరపిస్టును ఆశించలేం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీకి వెళ్తే మేధో వైకల్యం ఉన్న బిడ్డకు అసెస్‌మెంట్ చేసి, ఇంట్లో ఏం చేయాలో చెప్తారు. ముందు ఆ అసెస్‌మెంట్ చేతిలో ఉంటే మిగతాది సులువవుతుంది.

ఇంప్రొవైజేషన్‌లోని అసలు పని, అంటే బిడ్డ చేసిన శబ్దానికి బదులివ్వడం, ఇంట్లోనూ చేయవచ్చు. చిడతలు, గజ్జెలు, తిరగేసిన స్టీలు గిన్నె, చెక్క గరిటె చాలు. టీవీ ఆపండి. బిడ్డ ఏదైనా శబ్దం చేసేవరకు మీరేమీ చేయకండి. చేశాక అదే శబ్దం తిరిగి చేయండి. మనసులో పది లెక్కపెడుతూ ఆగండి. బిడ్డ మొహం తిప్పేసుకుంటే ఆ రోజుకు అంతే, బలవంతం వద్దు. అమ్మమ్మ ఉయ్యాల పాట పాడుతూ చివరి మాట దగ్గర ఆగి, బిడ్డ కళ్లలోకి చూస్తే చాలాసార్లు ఆ మాట బిడ్డ నోటి నుంచో, కనీసం పెదవి కదలికగానో వస్తుంది. ఫోన్‌లో రైమ్స్ పెట్టడం దీనికి బదులు కాదు. బిడ్డ ఏం చేసినా ఫోన్ తన పాట తాను పాడుకుంటూ పోతుంది.

## ఏ బిడ్డకు ఏది

నాలుగేళ్ల బాబు, మాటలు లేవు, పిలిస్తే పలకడు, శబ్దాలతో తనలో తాను ఆడుకుంటాడు: ఇంప్రొవైజేషన్, దానితోపాటు స్పీచ్ థెరపీ తప్పకుండా. రెండింటిలో ఒక్కదానికే డబ్బులుంటే స్పీచ్ థెరపీ, ఇంట్లో గిన్నె, గరిటె.

ఆరేళ్ల పాప, సెరిబ్రల్ పాల్సీ, అన్నీ అర్థమవుతాయి, గలగలా మాట్లాడుతుంది: లక్ష్యం పెట్టుకుని చేసే పద్ధతి, ఫిజియోథెరపిస్టుతో మాట్లాడుకుని. ఆమెకు ఇచ్చిపుచ్చుకోవడంలో లోటు లేదు.

శబ్దాలకు చెవులు మూసుకునే బిడ్డ: ముందు ఆక్యుపేషనల్ థెరపిస్ట్ సలహా. తర్వాత కావాలంటే ఇంప్రొవైజేషన్, అదీ ఒకరితో ఒకరే, మెల్లని వాద్యాలతో, ఎప్పుడైనా బయటికి వెళ్లే వీలుతో. గ్రూప్ సెషన్ వద్దు.

టీనేజ్ పిల్లలు: వాళ్లనే అడగండి. పదమూడేళ్ల అబ్బాయి చేతిలో గిలక పెడితే అవమానంగా ఉంటుంది. కీబోర్డు, కహోన్ డ్రమ్, సినిమా పాటలు, ఒక చిన్న బ్యాండు. ఇక్కడ మాస్టారూ థెరపిస్టూ చేసే పని దాదాపు ఒకటే అవుతుంది.

## చేర్పించే ముందు అడగండి

ఎక్కడ, ఎన్నాళ్లు శిక్షణ పొందారు? వారాంతపు సర్టిఫికెట్టు అయితే అది శిక్షణ కాదు. మా బిడ్డ లాంటి పిల్లలతో ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు? మొదటి రెండు మూడు సెషన్లు అసెస్‌మెంటుకేనా? మా స్పీచ్ థెరపిస్టుతో మాట్లాడతారా? మూడు నెలల తర్వాత ఏం మారితే కొనసాగించాలి, ఏం మారకపోతే ఆపాలి? ఈ చివరి ప్రశ్నకు నేరుగా జవాబు ఇచ్చేవాళ్లనే నేను నమ్ముతాను.

ఒక సెషన్ చూడనివ్వమని అడగండి, గదిలో కుదరకపోతే వీడియోలో. చూసేటప్పుడు బిడ్డ ఎంత బాగా వాయించాడన్నది పక్కన పెట్టి థెరపిస్టును చూడండి. బిడ్డ ఆగినప్పుడు ఆయనా ఆగారా, లేక ఆ ఖాళీని వెంటనే తన వాయింపుతో నింపేశారా? ఇంప్రొవైజేషన్ పేరు చెప్పి అరగంటసేపూ తానే వాయించే మనిషైతే ఆ ఫీజు కట్టనక్కరలేదు.